విడిపోయినవారి అడ్వాన్సు

కలిసి బాడుగకు చేరిన ఇంటినుండి ఒక్కరు వెడలిపోవునాడు, ఇంటాయనకడ నున్న సొమ్ములో వారి పాలు ఎవరు తిరిగి ఈయవలయును? ఆదోని, ఎమ్మిగనూరు వీథులలో తరచుగా పుట్టు ఈ తగవునకు చట్టమేమి చెప్పుచున్నది, ఆచారమేమి చేయుచున్నది?

దసరా దాటి తొలి కోతల పత్తి మార్కెట్ యార్డునకు రాసాగిన దినములనుండి ఆదోని పట్టణమున బాడుగ ఇండ్లకు గిరాకి హెచ్చును. జిన్నింగు మిల్లులలో పనికి కుదిరిన యువకులు, మండీలలో లెక్కలు వ్రాయువారు, నూనె మిల్లుల యంత్రములు బాగుచేయ వచ్చిన మెకానిక్కులు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద మండలముల బడులలో ఉద్యోగము దొరికి పట్టణమున కాపురముండి ప్రతిదినము బస్సులో పోయివచ్చు ఉపాధ్యాయులు, ఆసుపత్రులలో నర్సులు, పోటీ పరీక్షలకు చదువుకొను పల్లెటూరి పిల్లలు, వీరిలో పెక్కురు ఒంటరిగా ఒక ఇంటి బాడుగను భరింపజాలరు గనుక ఇద్దరో ముగ్గురో నలుగురో కూడి ఒక ఇల్లు పట్టుకొందురు. అచటికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న ఎమ్మిగనూరిలోను ఇదే తీరు. కాకపోతే మగ్గము పెట్టుకొనుటకు తావున్న ఇల్లు దొరకుట అచట కష్టము గనుక, నేతపనిమీద బ్రతుకు అన్నదమ్ములో, వియ్యంకులో, ఒక్క వీథిలో పెరిగిన చెలికాండ్రో కలిసి ఒక పెద్ద ఇల్లు తీసికొని ముందుగదిలో మగ్గములును వెనుకగదులలో కాపురములును పెట్టుట కలదు.

ఇంట చేరునాడు అందరి మనస్సులును ఒక్కటియే. అడ్వాన్సు ఎంత యని వీరడుగుట, అయిదు నెలల బాడుగ యని ఇంటాయన యనుట, నాలుగు నెలలకు బేరమాడుట, తుదకు ఎవరి ఖాతాలో డబ్బున్నదో వారి ఫోనునుండి మొత్తమంతయు పంపుట, తక్కినవారు తమ తమ పాళ్ళు వారికి చేతికిచ్చుట, ఇదంతయు అరగంటలో ముగిసిపోవును. పదునొకండు నెలలకు వ్రాసిన బాడుగ అగ్రిమెంటుపై సంతకము ఒక్కరిది. సాక్షి సంతకము, తరచుగా, ఇల్లు చూపించిన దలాలిది. కలిసి చేరిన మిగిలినవారి పేరులు ఆ కాగితమున ఎక్కడను కానరావు. స్నేహితుల మధ్య కాగితమెందుకను మొగమాటమే దీనికి కారణము గాని, ఎవరి మనస్సునను మోసపుటూహ ఉండదు. అయినను, కూడి వచ్చినవారు కూడియే పోవుట లోకమున అరుదు. బదిలీ, పెండ్లి, పని పోవుట, మనస్పర్థ, మరణము, ఏదో ఒకటి ఒకరిని ముందుగా వెడలించును. ఆనాడు అరగంటలో ముగిసిన వ్యవహారము నెలలు సంవత్సరములు సాగు తగవుగా మారును.

ఒక లెక్క వేసి చూతము. నెలకు ఆరువేల బాడుగ ఇంటికి ముగ్గురు ఉపాధ్యాయులు తలకు పదివేల చొప్పున ముప్పదివేల అడ్వాన్సు ఇచ్చిరనుకొందము. ఏడాది తిరిగిన పిమ్మట ఒకరికి బదిలీ అయినది. ఆయన పోయి ఇంటాయనను అడిగిన, “ఇల్లు ఖాళీ చేసినారా ఏమి సార్? ఇంకా ఇద్దరుండారు కదా. నేను అడ్వాన్సు తీసుకునింది ఇంటికి గాని మనిషికి కాదు. మీరూ మీరూ చూసుకోండి” అని అతడు చెప్పును. మిగిలిన ఇద్దరిని అడిగిన, “మాకాడ యాడుండాయి అన్నా? ఖాళీ చేసేటప్పుడు వస్తాయి గదా, పంపిస్తాములే” అని వారందురు. ఇంటాయన చెప్పినదియు అబద్ధము కాదు, మిత్రులు చెప్పినదియు అబద్ధము కాదు. ఎవరును తప్పు చేయకయే ఒకని పదివేలు పోవుచున్నవి. ముగ్గురు పంచుకొన్న బాడుగ ఇకమీదట ఇద్దరిపై పడి తలకు రెండువేలు మూడువేలగును గనుక, ఆ నెలలోనే పదివేలు తెచ్చి ఈయుమనిన వారికిని బరువే.

ఇట్టి సమయమున మన ఊళ్ళలో సాధారణముగా జరుగు ఉపాయ మొకటి కలదు. పోవువాని స్థానమున క్రొత్తవాడొకడు వచ్చును. అతడు ఇంటాయనకు గాక పోవువానికి పదివేలు ఇచ్చి ఆ పాలునకు తాను హక్కుదారుడగును. అందరును సంతోషింతురు. కాని మరి రెండేండ్లకు ఇల్లు ఖాళీ చేయునాడు ఇంటాయన గోడలకు రంగు, విరిగిన కుళాయి, నిలిచిపోయిన కరెంటు బిల్లు, వీటి పేర ఎనిమిదివేలు పట్టుకొని ఇరువదిరెండు వేలు చేతిలో పెట్టిన, తలకు ఏడువేల మూడువందల ముప్పదిమూడు రూపాయలు వచ్చును. “గోడకు మేకులు నేను రాకముందే కొట్టినారు, కుళాయి నేను వచ్చేనాటికే కారుతుండె” అని క్రొత్తవాడు మొఱపెట్టిన వినువారెవరు? మొదటి ఏటి నష్టములో తన పాలు మోయకయే, పదివేలును నిండుగా గైకొని, తొలుత పోయినవాడు మరియొక ఊరిలో సుఖముగా నున్నాడు. అన్యాయము మాయము కాలేదు, ఒకని తలనుండి మరియొకని తలకు మారినది. అందుచేత, ఒకరు విడిపోవు దినము కేవలము డబ్బు చేతులు మారు దినము గాక, అంతవరకు ఇంటికి జరిగిన నష్టమును అందరి సమక్షమున లెక్కకట్టు దినము కూడ కావలయునని నా అభిప్రాయము.

శాసనము చెప్పునది

మన దేశమున ఈ విషయమునకు మూలమైన శాసనము 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము. ఒకడు పలువురికి కలిపి ఒక వాగ్దానము చేసినచో, వేరు ఉద్దేశము కానరానంతవరకు, దానిని నెరవేర్పుమని అడుగు హక్కు ఆ పలువురికి కలిసియే యుండునని దాని 45వ సెక్షను చెప్పుచున్నది. వారిలో ఒకరు గతించిన ఆ హక్కు వారి వారసులకును మిగిలినవారికిని కలిసియే సంక్రమించును. ఇంటాయన ముగ్గురికి కలిపి అడ్వాన్సు తిరిగి ఇత్తునని ఒప్పుకొన్నచో, అందొకడు నడుమ వచ్చి నా పాలు మాత్రము నాకిమ్మని ఒంటరిగా దావా వేయుటకు ఇది పెద్ద అడ్డంకి. ఇంటాయన మాటలోని న్యాయమంతయు ఇచ్చటనే యున్నది. అయితే అదే చట్టపు 38వ సెక్షను, అట్టి పలువురిలో ఒకరికి చెల్లింపజూపిన అందరికిని చెల్లింపజూపినట్లే యని మరియొక ద్వారము తెరచుచున్నది.

ఆ ద్వారముగుండా ఎంతదూరము పోవచ్చునను విచారణ మన నేలతో సంబంధము లేనిది కాదు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది; 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలయువరకు ఇచటి వ్యాజ్యములకు తుది మాట మదరాసు హైకోర్టుది. ఆ మదరాసు హైకోర్టు పూర్ణ ధర్మాసనమే, అన్నపూర్ణమ్మకును అక్కయ్యకును జరిగిన 1913 నాటి వ్యాజ్యములో, పలువురి పేర వ్రాసిన ప్రామిసరీ నోటు బాకీని వారిలో ఒక్కరికి చెల్లించినను బాకీ మొత్తమునకు చెల్లు ఈయవచ్చునని తీర్మానించెను. ఇతర హైకోర్టులలో దీనికి విరుద్ధమగు అభిప్రాయములును వెలువడినవి. నోటు బాకీ వేరు, బాడుగ అడ్వాన్సు వేరు గాని, ఈ న్యాయమును ఇంటి అడ్వాన్సునకు అన్వయించి చూచిన భయము కలుగక మానదు: ఇంటాయన ముగ్గురిలో తనకు ఎదురుపడిన ఒక్కరి చేతిలో ముప్పదివేలును పెట్టి, నా బాధ్యత తీరినదని చేతులు దులుపుకొనుటకు వాదము దొరకును. అటుపిమ్మట తక్కిన ఇద్దరును తమలో ఒకరినే వెదకికొని పోవలయును.

ఎవరి పాలెంత యను ప్రశ్నకు మాత్రము చట్టము చక్కని మార్గము చూపినది. పలువురు మూల్యమిచ్చి ఒక స్థిరాస్తిపై హక్కు పొందినపుడు, ఆ సొమ్ము ఉమ్మడి నిధినుండి వచ్చియున్న ఆ నిధిలో వారికున్న పాళ్ళనుబట్టియు, వేరువేరు సొమ్ములైన ఎవరెంత ఇచ్చిరో దానినిబట్టియు హక్కులు నిర్ణయమగుననియు, ఏ సాక్ష్యమును లేనిచో అందరి పాళ్ళును సమానమని భావింపవలయుననియు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 45వ సెక్షను విధించినది. అడ్వాన్సు స్థిరాస్తి కాకపోయినను ఈ సూత్రము పెద్దమనుష్యుల పంచాయతీకి ఎంతయు పనికివచ్చును. పదునైదు వేలు ఇచ్చినవాడు ఆ సంగతి కాగితముమీద పెట్టుకొననిచో, అయిదువేలు ఇచ్చినవానితో సమానముగా పదివేలకు దిగవలసివచ్చును.

హక్కుతోపాటు బాధ్యతయు నున్నది. పోవువారు తరచుగా మరచునది దీనినే. కాంట్రాక్టు చట్టము 43వ సెక్షను ప్రకారము కలిసి ఒప్పుకొన్నవారిలో ఏ ఒక్కరినైనను పట్టుకొని మొత్తము బాకీని ఇంటాయన రాబట్టుకొనవచ్చును. అట్లు చెల్లించినవాడు తక్కినవారినుండి వారి పాళ్ళు అడిగికొనవలయును. అగ్రిమెంటుపై సంతకము చేసి, ఇంటాయనకు ఒక్క మాటైనను వ్రాసి ఈయక ఊరు విడిచిపోయిన వానిని, ఆరు నెలల తరువాత మిగిలినవారు చెల్లింపని బాడుగకై అడిగిన ఆశ్చర్యపడనక్కరలేదు. గృహములకు నెలవారీ బాడుగ ఒప్పందమును ముగించుటకు, వేరు ఒడంబడిక లేనిచో, పదునైదు దినముల నోటీసు చాలునని ఆస్తి బదిలీ చట్టము 106వ సెక్షను చెప్పుచున్నది. ఆ నోటీసు వ్రాతపూర్వకముగా ఇచ్చి, ఇకమీదట తనపై బాధ్యత లేదని ఇంటాయన చేత వ్రాయించుకొనుట, తన అడ్వాన్సు పాలు రాబట్టుకొనుటయంత ముఖ్యము.

ఇంటాయన పట్టుకొను కోతల విషయమునను ఒక హద్దున్నది. బాడుగకున్నవాడు ఇంటిని తాను చేరునాటి స్థితిలోనే తిరిగి అప్పగింపవలయును గాని, న్యాయమైన వాడకముచేత కలుగు అరుగుదల ఆ లెక్కలోనికి రాదని అదే చట్టపు 108వ సెక్షను స్పష్టపరచుచున్నది. మూడు వేసవులు ఆదోని ఎండకు వెలసిన సున్నము వాడకపు అరుగుదల. మగ్గపు గుంటకై త్రవ్వి పూడ్చకుండ విడిచిన నేల నష్టము. ఖాళీ చేసిన ప్రతి ఇంటికిని ఒక నెల బాడుగ రంగుకు పట్టుకొనుట వాడుక గాని, ఒప్పందమున అట్లు వ్రాసికొననిచో అది ఇంటాయనకు చట్టమిచ్చిన హక్కు కాదు.

అడ్వాన్సు ఎంత యుండవలయునను విషయమున మన చట్టములకు పూర్వమునుండియు ఒక దయ కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పట్టణములలో ఇండ్లు కరవైనప్పుడు మదరాసు ప్రభుత్వము బాడుగలను అదుపు చేయ మొదలిడెను. 1949 నాటి మదరాసు చట్టము, దాని స్థానమున 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనముల (లీజు, అద్దె, ఖాళీ) నియంత్రణ చట్టము వచ్చినవి. ఈ 1960 చట్టము 7వ సెక్షనులో, ఒక నెల బాడుగకు మించి అడ్వాన్సు గైకొనరాదను నిషేధముండెను. గూడూరులోని ఒక హోటలు బాడుగదారునికిని భవన యజమానికిని జరిగిన వ్యాజ్యములో 1989లో సుప్రీంకోర్టు, ఆ హద్దు మించి యజమాని యొద్ద నిలిచిన సొమ్ము బాడుగదారునికి చెందునదే గనుక, అంత సొమ్ము చేతనుంచుకొన్న యజమాని, బాడుగదారుడు బాడుగ ఎగవేసెనని అతనిని వెడలగొట్ట వీలులేదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వచ్చిన నాడును, అటుతరువాతను, అయిదు నెలల అడ్వాన్సు లేనిదే తాళపుచెవి ఈయని వీథులు మనకు కొల్లలు. 2017లో రాష్ట్రము నివాస, నివాసేతర భవనముల కౌలుదారీ చట్టమును క్రొత్తగా చేసినది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు రెండు నెలలు, ఇతరములకు ఆరు నెలలు హద్దుగా పెట్టి, ఇల్లు స్వాధీనము చేసికొను సమయముననే న్యాయమైన కోతలుపోను డిపాజిట్టు తిరిగి ఈయవలయునని సూచించినది. రాష్ట్రములు స్వీకరించిననే అది చట్టమగును. ఇల్లంతయు ఖాళీ అగు దినమును గూర్చియే ఈ నిబంధన మాటలాడుచున్నది. ముగ్గురిలో ఒకరు పోవు దినమున ఏమి చేయవలయునో అందు లేదు.

భోగ్యపు ఇండ్లు

బాడుగ ఇండ్లకంటె హెచ్చు సొమ్ము చిక్కుకొనునది భోగ్యమున. కన్నడ సీమను ఆనుకొనియున్న ఈ ప్రాంతమున నెలబాడుగ లేకుండ ఒక్కమారుగా రెండు మూడు లక్షలు ఇంటాయన చేతిలో పెట్టి, గడువు తీరువరకు ఇంట నివసించి, పోవునాడు ఆ మొత్తమును వడ్డీ లేకుండ తిరిగి పుచ్చుకొను పద్ధతి యున్నది. ఎమ్మిగనూరు నేతకుటుంబములలో అన్నదమ్ములిద్దరు కూడబెట్టిన మగ్గపు కూలియు, ఒక కోడలి పుట్టింటివారు పెట్టిన బంగారమును కలిసి ఇట్టి భోగ్యమగును. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన నేతగాండ్ర సహకార సంఘము, ఒంటరిగా నిలువలేని నేతగానికి నూలును, అమ్మకమును, గౌరవమును కలిసి సంపాదించుకొను దారి చూపిన ఊరది. 1954లో భారత ప్రభుత్వము సోమప్పగారిని పద్మశ్రీతో గౌరవించెను. ఆ సంఘమునకు సభ్యుల పేరులును వాటాలును వ్రాసిన పుస్తకము ఉండెను గనుకనే కలిసి చేసిన పని నిలిచినది. అదే ఊరిలో, అదే కుటుంబములు, భోగ్యమునకు పెట్టిన రెండు లక్షలలో ఎవరి పాలెంతయో ఒక్క పంక్తి వ్రాసికొనకుండుట నన్ను ఎంతయు నొప్పించుచున్నది.

అన్నదమ్ములు వేరుపడునాడు పెద్దమనుష్యులు కూర్చుండి ఇత్తడి బిందెలనుండి మగ్గపు పన్నెల వరకు పాళ్ళు వేయుదురు. ఇంటాయనకడ నున్న సొమ్మును మాత్రము, అది ఇంటిలో కానరాదు గనుక, మరతురు. ఇంటిలో నిలిచిన అన్న దానిని తనదిగా తలచును, వెడలిన తమ్ముడు గడువు తీరినాడు వచ్చి అడిగిన, “నువ్వు పోయినాక రెండేండ్లు నేనే కదా ఉండింది, ఇంకేమి పాలు?” అను మాట వినును. ఉండినంతకాలము వడ్డీ లేని ఆ సొమ్మువలన అన్నకు నెలబాడుగ మిగిలినదనియు, అందులో సగము తమ్ముని సొమ్ము పని చేయుటవలననే మిగిలినదనియు ఎవరును ఆలోచింపరు. ఉమ్మడి సొమ్ముతో పెట్టిన భోగ్యము ఉమ్మడి ఆస్తియే; భాగపరిష్కార పత్రమున దానికొక పంక్తి ఉండితీరవలయును. మరియొక మాట: ఇంటిని స్వాధీనము చేసి దాని అనుభవమును అప్పునకు ప్రతిగా ఇచ్చు తాకట్టు, నూరు రూపాయలు మొదలుకొని ఎంతదైనను, రిజిస్టరు పత్రము మూలముననే చెల్లునని ఆస్తి బదిలీ చట్టము 59వ సెక్షను శాసించుచున్నది, ఒక ఏడాదికి మించిన లీజునకును రిజిస్ట్రేషను కావలయును. లక్షలు పెట్టి తెల్లకాగితముపై భోగ్యము వ్రాసికొనువారు, తమలో తాము విడిపోకపోయినను, ఇంటాయన ఇల్లు అమ్ముకొన్ననాడు తిప్పలపడుదురు.

స్త్రీలు ఇచ్చిన సొమ్ము

కలిసి బాడుగకున్నవారిలో మిక్కిలి బలహీనమగు స్థితి కాపురము విరిగి ఇల్లు వెడలు స్త్రీది. అడ్వాన్సు నిమిత్తము ఆమె గాజులు తాకట్టుపెట్టియుండవచ్చును, బీడీలు చుట్టియో బట్టలు కుట్టియో కూడబెట్టిన డబ్బు ఈయవచ్చును. అగ్రిమెంటు భర్త పేర నుండును. ఆమె బిడ్డలతో పుట్టింటికి చేరిన వారమునకే భర్త ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు పుచ్చుకొని పోయిన, ఇంటామె జాలిపడును గాని, “కాగితంలో ఆయప్ప పేరే ఉండాది, నేనేం చేసేది తల్లీ” అనుటకంటె ఆమె చేయగలిగినది లేదు. ఇచ్చట 2005 నాటి గృహహింస నిరోధక చట్టము అక్కరకు వచ్చుచున్నదని మన స్త్రీలలో చాలమందికి తెలియదు. ఆ చట్టము ‘ఉమ్మడి నివాసము’ అన్నపుడు సొంత ఇల్లు మాత్రమే కాదు, దంపతులలో ఎవరి పేరనైనను, ఇద్దరి పేరనైనను బాడుగకు తీసికొన్న ఇల్లు కూడ అందు చేరును. అట్టి ఇంటిలో భర్తకున్న హక్కును మేజిస్ట్రేటు అనుమతి లేక వదలుకొనరాదని నిరోధించు ఉత్తర్వును 19వ సెక్షను క్రింద ఆమె కోరవచ్చును. ఇల్లు వదలుకొని అడ్వాన్సు పట్టుకొనిపోవుట హక్కును వదలుకొనుట కాక మరేమి? తనకు అంతటి వసతిగల మరియొక ఇంటిని చూపుమనియో, దాని బాడుగ చెల్లింపుమనియో కోరుటకును అదే సెక్షను వీలిచ్చుచున్నది. భర్త అడ్వాన్సు పుచ్చుకొనుటకు పూర్వమే ఈ ఉత్తర్వు సంపాదించి దాని నకలు ఇంటాయనకు అందజేసిన, సొమ్ము నిలుచును. తరువాత పోరాడుట బహు కష్టము. ఇల్లు తీసికొనునాడే అగ్రిమెంటులో దంపతులిద్దరి పేరులును వ్రాయించుట అన్నిటికంటె తేలిక. ఏ ఇంటాయనయు దానికి అభ్యంతరము చెప్పడు.

ఆదోని బట్టల అంగళ్ళలోను మండీలలోను పొత్తు వ్యాపారము చేయువారికి ఈ చిక్కు కొంత తక్కువ. అంగడి అడ్వాన్సు పొత్తు సొమ్మునుండి ఇచ్చినదైన అది 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము సంస్థ ఆస్తియే. పొత్తు విడిపోవునాడు బయటి బాకీలు తీర్చిన తరువాతనే భాగస్వాముల లెక్క తేలును. లెక్కల పుస్తకము వ్రాయు అలవాటున్న వర్తకులు గనుక వారికి సాక్ష్యము దొరకును. మగ్గమువానికిని మాస్టరునకును దొరకనిది అదియే.

పశ్చిమ కర్నూలు పల్లెలనుండి సుగ్గికని గుంటూరు మిరపచేలకును, కూలికని బెంగుళూరు కట్టడములకును వలసపోవు కుటుంబములు తోడుగా ఒక గదిని పట్టుకొనుట మామూలు. చదువుకొన్న పిల్లలు అదే బెంగుళూరులో ఉద్యోగములు చేయుచు ఫ్లాటులో నలుగురు చేరుదురు. పది నెలల బాడుగ అడ్వాన్సు అడుగు ఆచారము చిరకాలముగా నున్న నగరమది. అచట ఒకరు ఉద్యోగము మారి హైదరాబాదు చేరిన, లక్షకు దగ్గరి సొమ్ము మిత్రుల మాటమీద నిలుచును. సముద్రము దాటి పోయిన మన పిల్లల అనుభవము వేరు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున డిపాజిట్టు ఇంటాయన చేతిలో నుండదు. దానిని భద్రపరచుటకు 1977లోనే ఒక ప్రభుత్వ బోర్డు ఏర్పడినది. కలిసియున్నవారిలో ఒకరు శాస్త్రోక్తముగా విడిపోయి తన పాలు వ్రాతమూలముగా అడిగిన, మిగిలినవారు 14 దినములలో, అతడు బాకీపడినదేమైన నున్న మినహాయించుకొని, చెల్లింపవలయునని అచటి 2010 నాటి చట్టము శాసించుచున్నది. సిడ్నీలో ఇల్లు పంచుకొను తెలుగు విద్యార్థి ఈ హక్కు అనుభవించుచుండగా, ఆదోనిలో వాని అన్న పదివేలకై ఏడాది తిరుగుట న్యాయమా? ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుండి డిపాజిట్లను రక్షణ పథకములలో నుంచవలయునను నిబంధన వచ్చినది. అచట కలిసియున్నవారు తమ తరపున మాటలాడుటకు ఒకరిని ముఖ్య బాడుగదారునిగా ఎన్నుకొందురు.

న్యూ సౌత్ వేల్సు శాసనములోని న్యాయమే నాకు సరియైనదిగా తోచుచున్నది. ఇంటిలో నిలిచినవారు ఇంటిని అనుభవించుచున్నారు, ఇంటాయనకడ నున్న సొమ్ము వారి నివాసమునకే పూచీగా నున్నది. కావున పోవువాని పాలు చెల్లింపవలసినవారు నిలిచినవారే, క్రొత్తవాడు వచ్చునా రాడా యను దానితో నిమిత్తము లేదు. ఒకేసారి ఈయజాలనిచో రెండు మూడు వాయిదాలు వ్రాసి ఈయవచ్చును. ఇంటాయన పని ఇల్లు ఒకమారు చూచి అంతవరకు జరిగిన నష్టమును నిర్ణయించి, ఇకమీదట అడ్వాన్సు ఎవరి పేర నున్నదో సంతకము చేయుటయే. అతని చేతినుండి ఒక్క రూపాయి కదలదు గనుక అతనికి నష్టము లేదు.

దీనికి కావలసిన కాగితము చాల చిన్నది. పోవువారు, నిలుచువారు, చేరువారెవరైన నున్న వారు, ఇంటాయన, వీరందరి పేరులు, మొత్తము అడ్వాన్సు, అందు పోవువాని పాలు, ఆనాటివరకు ఇంటికి కలిగిన నష్టమునకు అతని వంతు, అది పోను అతనికి ఎవరు ఏ తేదీకి ఎంత ఇత్తురో, ఆ తేదీనుండి బాడుగకు అతడు బాధ్యుడు కాడను మాట, అందరి సంతకములు. తొలి అగ్రిమెంటులోనే ఎవరెంత ఇచ్చిరో వ్రాసి, ప్రతివారును తమ పాలును తమ ఖాతానుండి నేరుగా ఇంటాయనకే పంపిన సగము తగవు పుట్టనే పుట్టదు. ఇదివరకే మిత్రుని ఖాతాద్వారా పంపియున్నవారు ఫోనులోని ఆ చెల్లింపు వివరములను చెరిపివేయక భద్రపరచుకొందురు గాక; ఎలక్ట్రానిక్ రికార్డులను తగిన ధ్రువపత్రముతో సాక్ష్యముగా అంగీకరింపవచ్చునని 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను చెప్పుచున్నది. ఇట్టి బాకీలకు దావా గడువు సామాన్యముగా మూడేండ్లు.

పదివేల తగవునకు వకీలు ఫీజు పెట్టి కోర్టుకు పోవుట చాలమందికి తగదు. కాని 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము క్రింద నడచు లోక్ అదాలతు ముందు, దావా వేయకపూర్వమే ఇట్టి వివాదమును పెట్టుకొనవచ్చును; అచట ఉభయుల సమ్మతితో కుదిరిన పరిష్కారము కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. న్యాయసేవల సంఘములు నేరాలకును ఆస్తి తగాదాలకును మాత్రమే యని తలచి మనవారు సంకోచించుచున్నారు, సంకోచింపవలదు.

పాఠకులలో కలిసి బాడుగకున్నవారు, తమ బిడ్డలు దూరపు ఊళ్ళలో అట్లున్నవారు, ఇండ్లు బాడుగకిచ్చినవారు, అందరికిని నా విన్నప మొక్కటి. ఈ వారములోనే మీ అగ్రిమెంటు తీసి చూడుడు. అందు కలిసియున్న ప్రతివారి పేరును, ప్రతివారు ఇచ్చిన సొమ్మును లేకపోయినచో, అందరును ఇంకను ఒక్క ఇంటనే యుండగా, ఒకరి మొగము ఒకరు చూచుకొనుచు మాటలాడుకొనుచుండగానే, ఇంటాయనను పిలిచి ఆ రెండు పంక్తులు వ్రాయించి సంతకములు చేయుడు.